బండికి పోసిన ఒడిబియ్యం

ఇది చదివేటప్పుడు చేతిలో చాయ్ కప్పు పట్టుకోకండి. నవ్వి బట్టల మీద ఒలకబోసుకుంటే ఆ మరకకు నేను జిమ్మేదారు కాను. నా సొంత మరకలే ఇంకా పోలేదు. ఒక పట్టుచీర, కొడుకు తెల్లచొక్కా, మనవరాలి కొత్త లంగా, బిడ్డ గృహప్రవేశం, వీటన్నిటి పైన మా ఇంటి ముందు గదంత ఉన్న పెద్ద బండి. ఇన్నిటినీ ఒక్క పొద్దున, ఒక్క గిన్నెడు గంజితో ఎట్లా ఖరాబు చేయవచ్చో తెలుసుకోవాలంటే సిరిసిల్లలో మా గల్లీకి రండి. ఇల్లు అడగనక్కర్లేదు. బండికి వంట చేసిన ముసలమ్మ ఇల్లు ఎక్కడ అంటే ఎవరైనా చూపిస్తారు.

నేను మూడో తరగతి దాకా చదివాను. కూడికలు, తీసివేతలు వచ్చాయి. ఎక్కాలు వచ్చేలోపే మా నాయన బడి మాన్పించి నూలు కండెలు చుట్టమన్నాడు. అందుకే ఆ బండి ఎంతకు వస్తుందో లెక్క కట్టగలిగాను గానీ, వచ్చాక ఎంత తింటుందో కట్టలేకపోయాను. అప్పటికి నాకు వయసు కూడా ఏమంత లేదు, అరవై దాటింది అంతే. ఆ వయసులో ఎవరికైనా తనకే అన్నీ తెలుసనిపిస్తుంది.

మా ఇంటి వెనుక షెడ్డులో మగ్గాలున్నాయి. కరెంటుతో నడిచేవి, మేము సాంచాలంటాము. వాటిని నా కొడుకు రాజేశం నడుపుతాడు. బిడ్డ పద్మను కోరుట్లకిచ్చాము. పద్మ అత్త, అంటే నా వియ్యపురాలు, మాటకు సూది గుచ్చి మాట్లాడే మనిషి. పద్మ కొడుకు పుట్టువెంట్రుకలనాడు మేము కిరాయి బండిలో పోయాము. ఆ డ్రైవరు కనిపించిన ప్రతి చాయ్ డబ్బా దగ్గరా ఆగి, మమ్మల్ని సరిగ్గా విస్తర్లు వేసే వేళకు దింపాడు. అప్పటి నుంచి వియ్యపురాలికి ఒక మాట దొరికింది. “మీ తల్లిగారోళ్లకు ముహూర్తం తెల్వకున్నా భోజనాల యాళ్ల మంచిగ తెలుస్తదే పద్మా” అని పండుగకోసారి అంటుంది. ఆ మాట నా చెవిలో దోమలా తిరిగేది. సొంత బండి ఉంటే ఈ మాట పడేదాన్నా అనుకున్నాను. మొదటి తప్పు అక్కడ జరిగింది.

రాజేశం కిస్తీల మీద కొత్త చిన్న కారు కొందామన్నాడు. కొత్తది కొంటే వాసన తప్ప ఏమొస్తుంది? నేను వాణ్ణి వెంటబెట్టుకుని జగిత్యాలలో పాత బండ్లు అమ్మే ఒకాయన దగ్గరికి పోయాను. అక్కడ నిలబడి ఉంది అది. తెల్లగా, ఎత్తుగా, ఎక్కడానికి మెట్టు పెట్టుకుని, పెళ్ళికి వచ్చిన దొరలా.

“ఎవ్వలు నడిపిన్రు దీన్ని?” అని అడిగాను.

“ఒక డాక్టర్ సాబమ్మా. ఇంటికెల్లి దవాఖానకు, దవాఖానకెల్లి ఇంటికి. గంతే తిప్పిండు.”

“మరెందుకు అమ్ముతున్నడు?”

“ఇప్పుడు ఇల్లు, దవాఖాన ఒక్కతాననే కట్టుకున్నడమ్మా.”

ఇంత మంచి కారణం విన్నాక ఇంకేం అడుగుతాను? ఇత్తడి బిందె కొన్నట్లు తలుపు మీద వేలితో కొట్టి చూశాను, మోత బాగుంది. గుమ్మడికాయను నొక్కినట్లు టైరును నొక్కాను, గట్టిగా ఉంది. రాజేశం బానెట్ ఎత్తి చూపమన్నాడు. నేను వాడి చేయి పట్టుకున్నాను.

“ఏం జూస్తవ్ రా దాంట్ల? కోడిని కొనెటప్పుడు కడుపు కోసి జూస్తమా?”

“అమ్మ, గిది పాతది. ఇంత పెద్దదానికి ఖర్చులు గూడ గట్లనే ఉంటయ్.”

“కొత్త చిన్నదానికి పెట్టే పైసలకు పెద్దది వస్తాంది. ఇంటిల్లిపాది కూసోవచ్చు, ఇంక బియ్యం బస్తా గూడ ఏసుకోవచ్చు. నీకు లెక్క రాదు, ఊకో.”

అమ్మేవాడు నా వైపు మెచ్చుకోలుగా చూశాడు. “అమ్మకు ఎరుకున్నది. పెద్ద బండి గదమ్మా, ఇజ్జత్ ఉంటది.”

పెద్ద బండి. ఈ మాట గుర్తు పెట్టుకోండి. ఆ రోజు చెవికి సన్నాయిలా ఉంది.

ఇంటికి తెచ్చాక తెలిసింది, బండి మా గల్లీలోకి వస్తుంది గానీ తిరగదు. తిప్పాలంటే ఎదురింటివాళ్ళ మెట్ల మీదికి ముక్కు పెట్టాలి. వాళ్ళు మొదటి వారం నవ్వారు, రెండో వారం మెట్ల మీద రోలు తెచ్చి పెట్టారు. అయినా నేను చిన్నబోలేదు. పొద్దున్నే దాని మీద నీళ్ళు చల్లి, బొట్టు పెట్టి, నలుగురికీ కనిపించేట్టు దాని పక్కన నిలబడి కూరగాయల బేరం చేసేదాన్ని. ఇంత పెద్ద బండి ఉన్నామె టమాటాల దగ్గర బేరం చేస్తుందేమిటని కూరగాయల మనిషి రేటు పెంచింది. అది బండి పెట్టించిన మొదటి ఖర్చు.

రెండో ఖర్చు క్లచ్. మా మెకానిక్ యూసుఫ్ మంచివాడే, కానీ రేటు చెప్పేటప్పుడు మొహంలో ఏ మార్పూ ఉండదు.

“క్లచ్ సెట్టు మొత్తం పోయింది అమ్మా. నలభై వేలైతది.”

“మా తమ్ముని కారుకు పది వేలల్ల అయిపోయె గదా?”

“అది చిన్న కారమ్మా. గిది పెద్ద బండి గద.”

ఆ తరువాత గుంతలో పడ్డప్పుడల్లా కింద నుంచి పాత మంచం కదిలినట్లు కిర్రుకిర్రుమని చప్పుడు. బుష్షులు పోయాయన్నాడు. చూపించమంటే నా అరచేతిలో ఒక నల్లటి రబ్బరు ముక్క పెట్టాడు. అచ్చం మాడిపోయిన గారె. అట్లాంటివి బండి కింద దండిగా ఉన్నాయట, అన్నీ మాడిపోయాయట. ఆ ధరకు నేను సిరిసిల్ల మొత్తానికి నిజం గారెలు వేసి పెట్టేదాన్ని. తరువాత ఏసీ నుంచి వేడిగాలి వచ్చింది. కంప్రెసర్ అన్నాడు. మే నెలలో బండెక్కితే ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్లుండేది, కాబట్టి అదీ పెట్టాము. ఆయిలు మారిస్తే, మా సాంచాలన్నీ నెలంతా తాగే నూనె అది ఒక్క గుక్కలో తాగింది. టైర్లు అరిగాయి. ఒక్క టైరు ధరకు నాలుగు మంచి చీరలు వస్తాయని నేను లెక్క వేసేలోపే మా కోడలు కవిత ఆ లెక్క పైకే వేసి, నాలుగు టైర్లకు ఎన్నో కూడా చెప్పి లోపలికి పోయింది.

ఆ తరువాత టర్బో అనేది ఈల వేయడం మొదలుపెట్టింది. ఎత్తు ఎక్కేటప్పుడల్లా కుక్కరు కూత పెట్టినట్లు పెట్టేది. ఎంత అని యూసుఫ్‌ను అడిగాను. అతను చెప్పాడు. నేను అక్కడున్న టైరు మీద కూర్చుండిపోయాను.

“అంతా?”

“పెద్ద బండి గదమ్మా.”

“పెద్ద బండి, పెద్ద బండి. నువ్వు వేరే మాట నేర్వవారా యూసుఫ్?”

“వేరే మాట చిన్న బండోళ్లకు చెప్తనమ్మా.”

ఆ ఈలను అట్లాగే ఉండనిచ్చాము. గల్లీలో పిల్లలకు హారను అవసరం లేకుండా మేము వస్తున్నట్లు తెలిసేది. కానీ అదే రోజు నేను ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ బండికి ఒక్క సామాను కూడా కొత్తది కొనేది లేదు. ఉన్నదాంతో నడవాల్సిందే, నేను నడవడం లేదా, నా మోకాళ్ళు ఎవరు మార్చారు?

ఇట్లా ఉండగా పద్మ కొత్త ఇల్లు కట్టింది. పెళ్ళైన నాటి నుంచి కిరాయి ఇళ్ళలో, ఒకళ్ళ నల్లా దగ్గర నీళ్ళు పట్టుకుంటూ బతికిన పిల్ల. ఆ గృహప్రవేశం దానికి ఎంత పండుగో నాకు తెలుసు. మాలో ఆడపిల్ల కొత్తింట్లో అడుగు పెట్టిన రోజు తల్లిగారింటి వాళ్ళు పోయి ఒడిబియ్యం పోయాలి. ఆడపిల్ల పీట మీద కూర్చుని కొంగు పరుస్తుంది. పుట్టింటివాళ్ళు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ఆ ఒడిలో పోస్తారు, రవిక బట్ట పెడతారు. ఆ ఒడి నిండకపోతే ఎంత పెద్ద ఇల్లు కట్టినా వెలితే. పైగా అక్కడ చూడడానికి వియ్యపురాలు ఉంది.

ముందురోజు పద్మ ఫోన్ చేసింది.

“అమ్మా, పొద్దుగాల పదింటికి ఒడిబియ్యం. మీరచ్చినంకనే నేను పీట మీదికెల్లి లేస్త. మా అత్త ఇప్పటికే అడుగుతాంది, మీ తల్లిగారోళ్లు పాలు పొంగెటప్పుడు అస్తరా, పెరుగు తోడుకున్నంక అస్తరా అని.”

నా ఒంట్లో మంట లేచింది. “మనకిప్పుడు సొంత బండి ఉన్నది బిడ్డా. మీ అత్త మొకం కడుక్కునె యాళ్లకు మేం వాకిట్ల ఉంటం.”

ఫోన్ పెట్టేసి బయటికి వచ్చి చూస్తే బండి కింద ఆకుపచ్చటి మడుగు. యూసుఫ్ వచ్చాడు, కింద పడుకుని చూశాడు, లేచి చేతులు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకునే తీరు చూసి నేను కొంగు ముడి గట్టిగా పట్టుకున్నాను.

“రేడియేటర్ కారుతాందమ్మా. కొత్తది ఎయ్యాలె. పద్దెనిమిది వేలు.”

“గా నీళ్ల డబ్బాకా?”

“అల్యూమినియందమ్మా.”

“మా ఇంట్ల అల్యూమినియం బొగోనెలు అటుక మీద పడున్నయ్. గవి తీస్కపోయి కొట్టి పెట్టు.”

యూసుఫ్ రాజేశం వైపు తిరిగాడు. “అన్నా, సామాన్ రేపు సాయంత్రం వస్తది. అప్పటిదాక దీన్ని దూరం తోలకుండ్రి. నీళ్లు తక్కువై ఇంజన్ వేడెక్కితే రేడియేటర్‌తోని ఆగదు.”

రాజేశం వెంటనే, “కిరాయి బండి మాట్లాడుత అమ్మ” అన్నాడు.

“ఇంట్ల ఏనుగంత బండి పెట్టుకొని కిరాయి బండిల పోతమా? మీ అక్క అత్త అడుగదా, ఏమాయె వదినె మీ పెద్ద బండి అని? ఏం జెప్పాలె నేను?”

“కారుతాందని చెప్పు.”

“నోరు మూసుకో. మనదాంట్లనే పోతం. పొద్దుగాల దాక అదే ఆగుతది.”

అదే ఎట్లా ఆగుతుందో నాకూ తెలియదు. అప్పుడు ఎదురింటి ఎల్లయ్య, అదే, మెట్ల మీద రోలు పెట్టిన ఇంటాయన, అరుగు మీద బీడీ తాగుతూ నోరు తెరిచాడు. అతను ఒకప్పుడు లారీ తోలినవాడు.

“మా జమాన్ల లారీ రేడియేటర్ కారితె చిటికెడు పసుపేసెటోళ్లం అక్కా. గది పోయి సన్న బొక్కల అడ్డంబడ్తది. గ్యారేజి దాక పోయెటోళ్లం.”

చూడండి, ఎల్లయ్య చెప్పింది మూడు ముక్కలు. చిటికెడు అన్నాడు. సన్న బొక్క అన్నాడు. గ్యారేజి దాకా అన్నాడు. నా చెవి పసుపు దగ్గర ఆగిపోయింది. పద్దెనిమిది వేలకు బదులు పసుపు! ఆ రాత్రి నాకు పట్టినంత హాయి నిద్ర ఆ బండి కొన్నాక ఎప్పుడూ పట్టలేదు.

పొద్దున లేచాక మాత్రం ఒక అనుమానం వచ్చింది. ఒట్టి పసుపు నీళ్ళలో తేలుతుంది కదా, బొక్కను పట్టుకుని ఉండేదెట్లా? దానికి జిగురు కావాలి. ఇక్కడే నేను పుట్టి పెరిగిన పని నా కొంప ముంచింది. మా చిన్నప్పుడు గల్లీ పొడవునా పడుగు పరిచి, కుంచెతో గంజి పట్టించేవాళ్ళం. ముట్టుకుంటే తెగే పోగు గంజి తాగి ఆరాక తీగలా నిలబడేది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, గంజి పట్టిస్తే బాగుపడనిదేదీ నాకు కనబడలేదు. నూలు పోగుకు అంత బలమిచ్చే గంజి ఒక నీళ్ళ డబ్బాకు ఇవ్వదా? యూసుఫ్ నేత పని ఎరిగినవాడు కాదు కాబట్టి అతనికి తట్టలేదు, అనుకున్నాను. అవును, అట్లాగే అనుకున్నాను. నవ్వితే నవ్వండి.

వంటింట్లో కవిత తోవలో తినడానికి పులిహోర కోసం అన్నం వార్చింది. గంజి గిన్నెలో చిక్కగా, వెచ్చగా ఉంది. పసుపు డబ్బా చూస్తే పులిహోరకే అయిపోయింది. ఒడిబియ్యం సంచిలో మాత్రం పావుకిలో పొట్లం ఉంది. బియ్యంలో పసుపు అక్కడికి పోయాక, ఆడపిల్ల ముందే కలపడం మా ఇంటి పద్ధతి, అందుకని విడిగా పెట్టాము. కొంచెం తీద్దామనుకున్నాను. కొంచెం వేస్తే గంజి రంగు మారలేదు. ఇంకొంచెం వేశాను. చిటికెడుకు సన్న బొక్క మూసుకుంటే, పెద్ద బండికి పెద్ద బొక్క కదా. నాకూ యూసుఫ్ లెక్క వంటబట్టింది. చివరికి మంచి నిగనిగలాడే రంగు వచ్చింది. తొందరలో పొట్లం మడిచి మళ్ళీ సంచిలో పెట్టేశాను.

రాజేశం స్నానానికి పోయాడు. బానెట్ తాళం ఎక్కడుందో యూసుఫ్ దగ్గర కూర్చుని కూర్చుని నాకూ తెలిసింది. రేడియేటర్ మూత తిప్పాను, గిన్నె వంచాను, గరిటెతో అంచులు గీకి మరీ పోశాను. ఒక్క చుక్క కింద పోనివ్వలేదు. పొదుపు అంటే అది.

బయలుదేరేముందు రాజేశం వంగి బండి కింద చూశాడు. మళ్ళీ చూశాడు.

“అమ్మ, చుక్క గూడ కారుతలేదు.”

“మరి? దానికి గూడ మర్యాద తెల్సు. ఆడపిల్ల పండుగ అని ఆగింది.”

కవిత ఒడిబియ్యం సంచి ఒళ్ళో పెట్టుకుని వెనుక కూర్చుంది. మనవరాలు మేఘన కొత్త లంగా ముడత పడకుండా దాని పక్కన కూర్చుంది. నేను ముందు కూర్చున్నాను. ఆ మెట్టు ఎక్కి ఆ సీటులో కూర్చున్నప్పుడు నా మొహం మీరు చూడాల్సింది. పద్దెనిమిది వేలు మిగిల్చిన మనిషి మొహం అది. వేములవాడ రాగానే బండిలో నుంచే రాజన్న దేవునికి దండం పెట్టాను. వియ్యపురాలు వాకిట్లో ముగ్గు వేస్తుండగా మేము దిగుతాము, ఆమె ముగ్గు గిన్నె చేతిలోనే ఉండిపోతుంది. ఆ బొమ్మ కళ్ళముందు పెట్టుకుని చూసి చూసి సంతోషపడ్డాను.

వేములవాడ దాటి కొంత దూరం పోయాక మేఘన ముక్కు ఎగబీల్చింది.

“నానమ్మా, ఏదో ఉడుకుతాంది.”

“పులిహోర వాసనే.”

“పులిహోర డబ్బ నా కాళ్లకాడ ఉన్నది. వాసన ముందలికెల్లి వస్తాంది.”

నేను కిటికీ దించి పొలాల వైపు చూశాను. రుద్రంగి వచ్చేసరికి వాసన పెరిగింది. అన్నం అడుగంటిన వాసన. రాజేశం కళ్ళు ముందున్న ముల్లు మీదే ఉన్నాయి.

“అమ్మ, ముల్లు ఎర్రగీతల పడ్డది.”

“మన ఇంట్ల గడియారం ముల్లు గూడ తప్పు చూపెడ్తది. తోలు.”

“ఇంజన్ కాలిపోతది.”

“ఇంక కోరుట్ల ఎంత దూరమున్నది? తోలు బిడ్డా, పదైతాంది.”

వాడు తోలాడు, పాపం. తల్లి మాట విన్నాడు. ఊరు దాటి కొంచెం దూరం పోయామో లేదో బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. బండి దగ్గింది, మూలిగింది, టర్బో చివరిసారి సన్నగా ఈల వేసింది, రోడ్డు పక్కన ఆగిపోయింది. అందరం దిగాము. రాజేశం తువ్వాల చేతికి చుట్టుకుని బానెట్ ఎత్తి వెంటనే వెనక్కి గెంతాడు. మంచి పని చేశాడు. ఎందుకంటే ఆ మూత ఎవరూ ముట్టుకోకుండానే టప్పుమని ఎగిరిపోయింది. దాని వెనుకే నా వంట పైకి లేచింది.

చిక్కగా, పసుపుపచ్చగా, బుడగలు బుడగలుగా, తాటిచెట్టు ఎత్తు లేచింది అంటే నమ్మరు కానీ, అట్లాగే అనిపించింది. పైకి పోయి, గాలిలో కాస్త ఆలోచించి, చల్లారి మా మీద వానలా కురిసింది. రాజేశం తెల్లచొక్కా మీద, మేఘన లంగా మీద, నా పట్టుచీర మీద, కవిత తల మీద. కాలిందైతే ఎవరికీ లేదు. తడవకుండా మిగిలినవాళ్ళూ ఎవరూ లేరు.

రాజేశం భుజం మీద పడ్డదాన్ని వేలితో తీసి చూశాడు.

“యూసుఫ్ పోసింది పచ్చగ ఆకు రంగు ఉంటది. గిది పసుపు రంగున్నది.”

“వేడికి రంగు మారి ఉంటది.”

మేఘన జుట్టులో నుంచి ఏదో తీసింది. “నాన్నా, గిది అన్నం మెతుకు.”

రాజేశం మెల్లగా నా వైపు తిరిగాడు. “అమ్మ. నువ్వేం పోసినవ్?”

“ఏం పోస్త. నీళ్లే.”

“నీళ్లల్ల మెతుకు ఉంటదా?”

“ఏ నీళ్లో మంచిగ చూడలె.”

“అత్తమ్మా,” అంది కవిత, తల మీద నుంచి గంజి తుడుచుకుంటూ, “పొద్దున నేను వార్చిన గంజి గిన్నె కడిగి బోర్లేసి ఉన్నది. మీరెన్నడు గిన్నె కడుగరు గదా అనుకున్న.”

పట్టుబడ్డాను. అప్పుడు కూడా నోరు ఊరుకోలేదు. “కారుడైతె ఆగింది గదా” అన్నాను.

రాజేశం రోడ్డు అవతలికి పోయి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. వాడి భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఇప్పటిదాకా నేను అడగలేదు.

పద్మ ఫోన్ మీద ఫోన్. “అమ్మా, యాడున్నరు? పాలు పొంగినయ్. అందరు అడుగుతున్నరు.” దగ్గర దగ్గరే బిడ్డా అన్నాను. అప్పటిదాకా బండి సంగతే ఉంది నా తలలో. ఆ ఫోన్ పెట్టేశాక మాత్రం కొంగు పరుచుకుని ఖాళీ ఒడితో కూర్చున్న నా బిడ్డ కనబడింది. దాని చుట్టూ అత్తగారి బలగం. రోడ్డు మధ్యలోకి పోయి రెండు చేతులూ చాచి నిలబడ్డాను. వచ్చిన మొదటి బండిని ఆపాను. అది బర్రెను ఎక్కించుకుని కోరుట్ల వైపు పోతున్న ట్రాలీ ఆటో.

“జాగ లేదమ్మా, బర్రె ఉన్నది” అన్నాడు తోలేవాడు.

“అది జరుగుతది” అన్నాను.

అది జరగలేదు. మేమే దాని చుట్టూ సర్దుకున్నాము. ఒడిబియ్యం సంచిని కవిత నెత్తి మీద పెట్టుకుంది, లేకపోతే బర్రె ముందుగా పేరంటం చేసుకునేది.

ఇప్పుడు కోరుట్లలో ఆ కొత్తింటి వాకిలిని ఊహించుకోండి. షామియానా, కుర్చీల నిండా చుట్టాలు. మధ్యలోకి ఒక ట్రాలీ వచ్చి ఆగింది. అందులో నుంచి పసుపు మచ్చలతో ముందు నేను, తరువాత నా కొడుకు, కోడలు, మనవరాలు, అందరి వెనుకా బర్రె తల. వియ్యపురాలు కళ్ళు చికిలించి చూసింది. తరువాత కుంకుమ భరిణె తీసుకుని ఎదురొచ్చింది.

“వదినె, గీసారి ఆలస్యమైనా ఘనంగనే వచ్చినవ్. బర్రెను గూడ పెడ్తున్నవా బిడ్డకు?” అని దాని నుదుట బొట్టు పెట్టబోయింది.

“అమ్మా, బర్రె నాది” అని తోలేవాడు ట్రాలీని వెనక్కి తీసుకున్నాడు.

లోపల పద్మ పీట మీదే ఉంది. పాలు పొంగి, వ్రతం అయి, కొందరు విస్తర్ల ముందు కూర్చున్నా అది లేవలేదట. మా అమ్మ వస్తుంది అని ఒకటే మాటట. నన్ను చూసి దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నా చీర చూసి అవి అక్కడే ఆగిపోయాయి. నేను గబగబా ముందు కూర్చుని, బియ్యం తాంబాళంలో పోసి, పసుపు పొట్లం విప్పాను.

పొట్లంలో కాగితం ఉంది.

దులిపాను. కాగితం అంచున ఇంత మచ్చ, అంతే. చుట్టూ ఆడవాళ్ళు వంగి చూస్తున్నారు. ఆ కాగితం కింద దాక్కోవడానికి చోటుంటే దాక్కునేదాన్ని.

“పసుపేది వదినె?” అంది వియ్యపురాలు.

నేను రాజేశం వైపు చూశాను. వాడు పైన ఫ్యాన్ వైపు చూశాడు. జవాబు మేఘన చెప్పింది. దానికి అబద్ధం చెప్పడం మేమే నేర్పలేదు, ఆ పాపం మాదే.

“పసుపంతా బండిల పోసింది అమ్మమ్మా. గంజి గూడ పోసింది. నానమ్మ ముందుగాల బండికే ఒడిబియ్యం పోసింది.”

షామియానా కింద నవ్వు లేచింది. నా గంజి కంటే ఎత్తు లేచింది. వియ్యపురాలు మాత్రం నవ్వకుండా నా మొహంలోకి చూసి అడిగింది.

“మరి బండికి రవిక బట్ట పెట్టినవా వదినె?”

“నా తువ్వాల పెట్టినం అత్తమ్మా” అన్నాడు రాజేశం.

అప్పుడు పద్మ లేవకుండానే తన కొత్త వంటింటి నుంచి పసుపు తెప్పించింది. తాంబాళం నా ముందుకు జరిపింది. “కలుపే అమ్మా. పసుపు ఎవ్వలదైతేంది, చేతులు నీయి గదా” అంది. నేను కలిపాను. బిడ్డ ఒడి నిండింది. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే, దానికి కూడా పసుపు అప్పు తెచ్చుకున్నదే.

బండిని తాడు కట్టి ఈడ్పించి యూసుఫ్ దగ్గరికి చేర్చాము. అతను మూత తీసి లోపలికి తొంగి చూశాడు, వాసన చూశాడు, ఒక స్క్రూడ్రైవర్ పెట్టి కలిపాడు. అది గట్టిగా నిలబడింది.

“అమ్మా, ఉప్పు మరిచిన్రు” అన్నాడు.

తరువాత లెక్క చెప్పాడు. రేడియేటర్ సరే, అది ముందు చెప్పిందే. నీళ్ళ పంపు బిగుసుకుంది. పైపుల్లో, సందుల్లో గంజి ఆరి కూర్చుంది. పడుగు మీద ఎట్లా ఆరుతుందో అట్లాగే, నేను అనుకున్నంత గట్టిగా. ఇంజన్ వేడికి హెడ్డు వంగింది, గ్యాస్కెట్ కాలింది. అంతా దింపాలి, కడగాలి, మళ్ళీ కూర్చోబెట్టాలి. లక్ష దాటుతుందన్నాడు. నేను నోరు తెరిచేలోపే రాజేశం చేయి అడ్డం పెట్టాడు.

“అమ్మ, అడుగకు. ఏమంటడో నీకు తెల్సు.”

అమ్మేద్దామనుకున్నాము. జగిత్యాల నుంచి అదే మనిషి వచ్చాడు, మాకు అమ్మినవాడు. బండి చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తి చూశాడు. నేను చూడనివ్వనిది అతను చూశాడు. చూసి పెదవి విరిచి, ఒక సాంచాకు పాత మోటారు కూడా రాని ధర చెప్పాడు.

“నీ తాననే గదా కొన్నది? అప్పుడు ఇజ్జత్ అంటివి, డాక్టర్ సాబంటివి.”

“నిజమే అమ్మా. కని ఎవ్వలు కొంటలేరు, రిపేర్లెక్కువ.” నిట్టూర్చి బండిని తట్టాడు. “పెద్ద బండి గదమ్మా.”

ఆ ధరకే ఇచ్చేశాము. అది ట్రక్కు మీదికి ఎక్కి పోతుంటే ఎదురింటి ఎల్లయ్య తన మెట్ల మీది రోలు తీసి లోపల పెట్టుకున్నాడు. వియ్యపురాలు ఇప్పుడు ఆలస్యం సంగతి ఎత్తడం లేదు. ఆమెకు అంతకంటే మంచి మాట దొరికింది. ఏ పేరంటానికి పోయినా, “మా వదినె వచ్చింది, బండ్లు జర దూరం పెట్టుండ్రి” అంటుంది.

ఇప్పుడు కోరుట్లకు బస్సులోనే పోతున్నాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టే లేదు. ఇంత పెద్ద బండి, ఇన్ని సీట్లు, పైసా ఖర్చు లేదు, కారితే నాకేం సంబంధం లేదు. మొన్న మేఘనతో పోతుంటే వేములవాడలో బస్సు ఆగింది. డ్రైవరు దిగి ముందు మూత తెరిచి నీళ్ళు పోస్తున్నాడు. కింద టపటపా కారుతోంది. “రోజు గిట్లనే కారుతాంది” అని కండక్టరుతో అంటున్నాడు. నా ఒళ్ళో సంచి ఉంది. సంచిలో పద్మకు తీసుకుపోతున్న పసుపు ఉంది.

“నానమ్మా,” అంది మేఘన నా మణికట్టు పట్టుకుని, “చెయ్యి సంచిలకెల్లి బయటికి తియ్.”

తీశాను. అందుకే ఆ కండక్టరు సాక్షిగా, నిండు బస్సులో ప్రమాణం చేశాను. ఒడి ఉన్నవాళ్ళకు తప్ప ఇంకెవరికీ ఒడిబియ్యం పోయను. చక్రాలున్న దేనికీ వంట చేయను. ఏ డ్రైవరు ఎంత ప్రాధేయపడినా, ఎంత కారినా, గంజి ఇవ్వను.

అడిగితే, చిటికెడు పసుపు మాత్రం ఇస్తాను.